బడి పిల్లవాని కడుపునొప్పి

(ఒక వ్యవసాయ ప్రదర్శకుడు)

మిరప తోటలలో పురుగుమందులను వాడు పద్ధతిని గూర్చి ఈ నెల వ్రాయుదునని గత సంచికయందు మాట యిచ్చితిని. ఆ మాటను ఈ నెలకు తప్పుచున్నాను. అయినను పూర్తిగా తప్పుటలేదు. ఏలయన నేను చెప్పబోవు సంగతి యొక మందు డబ్బాతోడనే ప్రారంభమగుచున్నది.

పైరును గూర్చి వ్రాయవలసినవాడు పిల్లలను గూర్చి వ్రాయుటేమని పెద్దలు కొందఱు తలపవచ్చును. ఇరువది సంవత్సరములుగా నేను ఊరూర తిరుగుచు, గట్లమీదను అరుగులమీదను కూర్చుండి రైతులతో మాటలాడుచున్నవాడను. చీడను గూర్చి ఒక ప్రశ్న అడిగిన రైతు, మజ్జిగ యిచ్చు వేళకు మెల్లగా, "మావాడు బడికి సరిగా పోవుటలేదండీ, ఏమి చేయుమందురు?" అని రెండవ ప్రశ్న అడుగును. మొదటి ప్రశ్నకు నాయొద్ద పుస్తకము కలదు. రెండవదానికి నేను కన్నులార చూచినది మాత్రమే కలదు. దానినే వ్రాయుచున్నాను.

2021వ సంవత్సరము చివరను నల్ల తామరపురుగు మన మిరప తోటలపై బడి చేసిన నాశనమును సభ్యులు మఱచియుండరు. పూవులలో గుంపులుగా చేరి, పూత రాల్చి, పిందె నిలువనీయక, గుంటూరు మొదలు ఖమ్మము, వరంగల్లు వరకు ఎందఱి పెట్టుబడినో మన్నుపాలు చేసినది. ఒక మందు పనిచేయకున్న రెండవది, రెండవది పనిచేయకున్న రెండును కలిపి, రైతులు అప్పులు తెచ్చి కొట్టిరి. తుదకు తోటలను దున్నివేసినవారును కలరు.

ఆ డిసెంబరులో పల్నాటి ప్రాంతమున నొక గ్రామమునకు పోయితిని. నాలుగెకరముల కౌలు భూమిలో మిరప వేసిన రైతు ఒకడు నన్ను పిలిచెను. తోట చూచితిని, చూచుటకు ఏమియు మిగులలేదు. ఇక ఏ మందును కొట్టవలదని చెప్పి, ఇంతకుముందు కొట్టినది ఏదో చూపుమంటిని. ఆయన పాకలోనికి పోయి, కొంతసేపు వెదకి, డబ్బా కనబడలేదని వచ్చెను. "మొన్న ఇక్కడనే పెట్టితిని. కూలివాండ్రెవరో కాజేసిరి కాబోలు" అని భార్యమీద విసుగుకొనెను. ఆయన కుమారుడు, పదునొకండేండ్లవాడు, పాక గుంజకు ఆనుకొని నిలుచుండెను. ఆరవ తరగతి. ఆనాడు బుధవారము, బడి యున్న దినము. ఏల పోలేదని యడుగగా తల్లి చెప్పినది: "ఇరువది దినములనుండి కడుపునొప్పి అనుచున్నాడండీ. నులిపురుగుల మాత్ర వేసితిమి. ఊరి డాక్టరు సూదియు వేసెను. సరిగా బడివేళకు నొప్పి వచ్చును. వాళ్ల నాన్న తోటకు బయలుదేరినచో లేచి వెంటబోవును. దొంగనొప్పి గాక మఱేమండీ?"

నేను నవ్వితిని. నవ్వి, "చదువుదొంగ" యని వాని వీపు తట్టి వచ్చివేసితిని. అది నేను చేసిన తప్పు. దానిని ఇచట దాచదలచుకొనలేదు.

వారము గడచిన పిమ్మట మరల ఆ యూరికి పని పడెను. తిరిగి వచ్చునప్పుడు ఆ బాలుడు ఊరి చివర చెరువుకట్ట దాక నా మోటారుసైకిలు వెంట పరుగెత్తి వచ్చెను. ఆగితిని. రొప్పుచు, "సారూ, ఇక మందు కొట్టినా మా తోట బ్రతుకదా?" అని యడిగెను. బ్రతుకదురా అంటిని. "అయితే మా నాన్నకు ఆ డబ్బాతో ఇక పనిలేదు గదా?" అనెను.

అప్పుడు గాని నాకు తెలియలేదు. డబ్బాను వాడే గడ్డివామిలో దాచెను. ఒకనాటి రాత్రి అప్పుల ప్రసంగము వచ్చినప్పుడు తండ్రి తల్లితో, "ఏ దారి లేకున్న ఆ డబ్బా ఉండనే ఉన్నది" అనెనట. పిల్లవాడు నిద్రపోయినాడని వారనుకొనిరి. వాడు నిద్రపోలేదు. ఆ మరునాటినుండియే కడుపునొప్పి. బడికి పోయినచో తండ్రిని కనిపెట్టుకొని యుండువా రెవరు? అందువలన ఇరువది దినములకు పైగా ఆ పసివాడు చదువు మాని, ఆట మాని, గట్టుమీద కూర్చుండి కన్నతండ్రికి కావలి కాచెను. నొప్పియు దొంగనొప్పి కాదు. భయము వలన పిల్లలకు కడుపులో నిజముగానే నొప్పి పుట్టును; వైద్యులందఱును ఎఱిగిన సంగతియే. నులిపురుగుల మాత్రకు అది పోదు.

బండి త్రిప్పుకొని వెనుకకు పోయితిని. తండ్రిని ప్రక్కకు పిలిచి, ఉన్నదున్నట్లు చెప్పితిని. ఆయన ముఖము నల్లబడెను. "ఎప్పుడో కోపమున అనిన మాటండీ అది" అనెను. కోపముననే అంటివా అని యడిగితిని. చాలసేపు పలుకలేదు. పిదప, "కాదండీ" అనెను.

ఆ సాయంకాలము ఆ యింటి అరుగుమీద జరిగినది నేను మఱువజాలను. తండ్రి కొడుకును ప్రక్కన కూర్చుండబెట్టుకొని లెక్క చెప్పెను. సంఘమునకు ఇంత, వడ్డీవ్యాపారికి ఇంత, కౌలు బాకి ఇంత. పంట పోయినది గనుక సంఘపు అప్పును కాలపరిమితి పెంచి వాయిదాలుగా మార్చుమని అడుగబోవుచున్నాను. గేదెలలో ఒకదానిని అమ్ముదును. వచ్చు ఏడు మిరప రెండెకరములే వేసి, మిగిలినది సెనగ వేయుదును. ఇట్లు వాని వయస్సునకు తెలియు మాటలతో చెప్పెను. పిల్లవాడు లెక్కలేవియు వినుచున్నట్లు కనబడలేదు. అంతయు అయిన తరువాత ఒక్క మాట అడిగెను: "నీవు ఎక్కడికీ పోవు గదా నాన్నా?"

తండ్రి కొంతసేపు మాటలాడలేకపోయెను. తరువాత, "పోనురా" అనెను.

మాటతో ఆగలేదు. ఆయన నాతోడ రెండు పర్యాయములు పట్టణపు ఆసుపత్రికి వచ్చి మానసిక వైద్యునితో మాటలాడెను. కొన్ని నెలలు మందు వాడెను. ఇందు సిగ్గుపడవలసినది ఏమియు లేదు. జ్వరము వచ్చినవాడు ఆసుపత్రికి పోవుటకు సిగ్గుపడడు గదా. ఇప్పుడైనచో ఇంటినుండియే మాటలాడుటకు 14416 అను టెలిమానస్ టెలిఫోను కలదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వమువారు ప్రారంభించిరి. తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు, రాత్రియు పగలును పనిచేయును. పిల్లలకు ఆపద కలిగినప్పుడు, కొట్టుటగాని పనిలో పెట్టుటగాని పెండ్లి చేయుటగాని జరుగుచున్నప్పుడు, 1098కి పిలువవచ్చును. ఈ రెండు అంకెలను క్యాలెండరు ప్రక్కన గోడమీద వ్రాసి యుంచుకొనుడు.

బాలుడు సంక్రాంతి దాటిన పిదప బడికి పోయెను. ఉపాధ్యాయుడు ఏమియు అడుగక, వాని చెలికానిప్రక్కనే కూర్చుండబెట్టి, పోయిన పాఠములను ఆ చెలికాని పుస్తకమునుండియే వ్రాసికొమ్మనెనట. ఆ ఉపాధ్యాయుని నేను చూడలేదు గాని, మనసులో అనేక పర్యాయములు నమస్కరించితిని.

ఇకమీద పిల్లవాడు కడుపునొప్పి యనినప్పుడు ఏమి చేయవలెను? మొదట వైద్యునికి చూపవలెను. నిజమైన వ్యాధి లేదని తేలవలెను. ఆదివారమున లేని నొప్పి సోమవారమున వచ్చుచున్నదా, సెలవులలో లేని తలనొప్పి బడి తెఱచిన నాటనుండి మొదలైనదా అని కనిపెట్టవలెను. ఎన్నడో మానిన పక్కతడుపుట మరల మొదలగుట, తిండి తగ్గుట, ఊరకనే తమ్ముని కొట్టుట, రాత్రులందు ఉలికిపడి లేచుట, ఇవన్నియు పిల్లలు నోటితో చెప్పలేని మాటలే. పెద్దవారికి దుఃఖము వచ్చినచో మూలను కూర్చుందురు. పిల్లలకు దుఃఖము వచ్చినచో తఱచుగా కోపముగా బయటపడును. దానిని మనము పొగరనుకొని రెండు తగిలించుచుందుము. ఆకు పసుపుపచ్చనైన ప్రతి చేనుకు యూరియాయే చల్లువానిని మనము తెలివిగలవాడని యనము. నీరు నిలిచియున్నదా, వేరు కుళ్లినదా అని మొదట త్రవ్వి చూతుము.

అప్పుల సంగతి పిల్లల యెదుట చెప్పవలదా యని ఒక సభ్యుడు నన్నడిగెను. నా యభిప్రాయము ఇది. దాచిన దాగదు. వసూలుకు వచ్చినవాడు వాకిట నిలిచి కేకలు వేయుచుండగా పిల్లలకు తెలియకపోవుట యెట్లు? తెలియనట్లు మనము నటించినచో వారు తమ ఊహతో ఆ కొఱతను పూరించుకొందురు. ఆ ఊహ మన అప్పుకంటె ఎప్పుడును పెద్దదిగానే యుండును. కావున క్లుప్తముగా చెప్పవలెను: కష్టము వచ్చినది, దీనిని తీర్చుట పెద్దవారి పని, ఇట్లు తీర్చదలచితిమి, ఇందు నీ తప్పేమియు లేదు. ఈ చివరి మాట చెప్పుట మఱువరాదు. తన ఫీజు వలననే ఇల్లు అప్పులపాలైనదని నమ్మి, ఇక చదువనని మొండికేసిన బాలికను నేను ఎఱుగుదును. చావుమాటను మాత్రము వేళాకోళమునకైనను ఇంటిలో అనరాదు.

చదువును గూర్చి కొంచెము వ్రాయుదును. "మేము చదువుకొనలేదు, వానికి ఏమి చెప్పగలము?" అనుట మన ఊళ్లలో సాధారణము. ఇది సరికాదని రుజువు చేయు సంగతి యొకటి యిటీవల బయటపడినది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అను ఇరువురు 2019లో అర్థశాస్త్రమునకు నోబెల్ బహుమానము పొందినవారిలోనివారు. వారును మఱికొందఱును కలిసి కలకత్తా, ఢిల్లీ నగరముల అంగళ్లలో సరకులమ్ము పిల్లలను పరీక్షించి, 2025లో నేచర్ అను శాస్త్ర పత్రికయందు ప్రకటించిరి. అంగడిలో కూరగాయల వెలను నోటిలెక్కగా తడుముకొనకుండ చెప్పు పిల్లవాడు, అదే విధమగు లెక్కను పలకమీద వేసి యిచ్చినచో చేయలేకపోయెను. బడిలో మాత్రమే చదువు పిల్లలు కాగితముమీది లెక్కను చేసి, అంగడిలెక్కను చేయలేకపోయిరి. రెండు గట్లకు నడుమ వంతెన లేదన్నమాట.

ఆ వంతెన కట్టగలవాడు రైతే. ఒక ఉదాహరణ. ఏడవ తరగతిలోని బిడ్డను యూరియా బస్తాయొద్దకు పిలువుడు. బస్తా 45 కిలోలు. అందు నత్రజని నూటికి 46 పాళ్లు. అయినచో ఒక బస్తాలో నత్రజని ఎంత? 20 కిలోల 700 గ్రాములు. ఎకరమునకు 40 కిలోల నత్రజని వేయవలెనన్న ఎన్ని బస్తాలు? రెండు బస్తాలకు 41 కిలోల 400 గ్రాములు వచ్చును గనుక రెండింటికి కొంచెము తక్కువ. ఎకరముల 27 సెంట్లకు ఎంత యని తరువాత అడుగుడు. శాతములు, దశాంశములు, భిన్నములు అన్నియు ఒక బస్తాలో నున్నవి. మీకు సమాధానము తెలియకపోయినను నష్టము లేదు. "నాకు తెలియదు, నీవు చేసి నాకు చెప్పుము" అనినచో పిల్లవాని ఛాతి జానెడు పెరుగును. తాను నేర్చినదానిని మఱియొకనికి చెప్పుటకంటె మంచి వల్లెవేత లేదు.

2020లో కరోనా వలన బడులు మూతబడిన కాలమున చిన్న తరగతులలో నున్నవారికి పునాది సరిగా పడలేదు. అక్షరము కూడబలుకుకొను బాలుడు పై తరగతికి వచ్చి కూర్చుండెను. అట్టివానిని "ఇంత పెద్దవాడవు, ఇది రాదా?" అని ఎగతాళి చేసిన వాడు పుస్తకమును మూసివేయును గాని నేర్చుకొనడు. వాని తరగతిపుస్తకమును ప్రక్కన బెట్టి, వానికి వచ్చినచోటనుండి మొదలుపెట్టుమని ఉపాధ్యాయుని అడుగు అధికారము తల్లిదండ్రులకు కలదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వపు బడులలో నిర్వహణ సంఘ సభ్యులలో నూటికి 75 మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. మొత్తము సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. మన సహకార సంఘ సమావేశమునకు వచ్చి నాలుగు గంటలు వాదించువారు బడి సంఘమునకు వేలిముద్ర పంపి ఊరకుందురు! అదే చట్టములోని 17వ ప్రకరణము పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించు శిక్షలను నిషేధించుచున్నది. "నాలుగు తగిలించండి సారూ, కండలు మీవి, ఎముకలు మావి" అని ఉపాధ్యాయునికి చెప్పి వచ్చు తండ్రి తన బిడ్డకు చట్టమిచ్చిన రక్షణను తానే తీసివేయుచున్నాడు.

రాత్రి మోటారు వేయుటకు బడిపిల్లలను పంపుటయు మానవలెను. ఆరు మొదలు పండ్రెండేండ్ల లోపు పిల్లలకు తొమ్మిది గంటలకు తక్కువ కాని నిద్ర కావలెను. ఆపైవారికి ఎనిమిది గంటలకు తక్కువ కారాదు. ఆ నిద్రను సెల్‌ఫోను తినివేయుచున్నదని అందఱును మొఱపెట్టుచున్నారు, నిజమే. కాని పడుకొనబోవు వేళ తండ్రి చేతిలోనే ఫోను వెలుగుచుండగా కొడుకును ఏమని మందలింపగలము?

స్నేహమును గూర్చి మన పెద్దలు తేలికగా మాటలాడుదురు. "ఈ స్నేహితుడు పోయిన ఇంకొకడు" అందురు. పిల్లలకు అట్లు కాదు. ఒక గ్రామమున ఇద్దఱు బాలికలు ఒకటవ తరగతినుండి ఒకే బల్లమీద కూర్చుండి, మధ్యాహ్నభోజనము ప్రక్కప్రక్కనే తినుచుండిరి. వారి తండ్రుల పొలములు సరిహద్దు పొలములు. ఒకరు గట్టును రెండు సాళ్ల మేర నఱికిరని తగాదా మొదలై, పోలీసు స్టేషనుకు పోయెను. ఆ రాత్రి ఒక తండ్రి కూతును పిలిచి, "ఇకమీదట వాళ్ల పిల్లతో మాటలాడితివా, కాళ్లు విఱుగగొట్టుదును" అనెను. ఆమె ఏడ్వలేదు. మరునాడు వెనుక బల్లకు మాఱెను. ఆ రెండవ పిల్లకు కారణము తెలియదు. తానేదో తప్పు చేసితినని తలచి, తన పెన్సిలు డబ్బాను తెచ్చి ఈమె బల్లమీద పెట్టిపోయెను. ఈమె దానిని ముట్టలేదు. ఆ యేడు ఇద్దఱి చదువును చెడెను. ఎనిమిది నెలల తరువాత సర్వేయరు వచ్చి ఒక మధ్యాహ్నములో హద్దురాళ్లు చూపిపోయెను. తండ్రులు ఇప్పుడు ఒకరి బండిలో ఒకరు ఎఱువులు తెచ్చుకొనుచున్నారు. బాలికలు మాత్రము ఈనాటికిని మాటలాడుకొనుటలేదు. రెండు సాళ్ల నేల తిరిగి వచ్చినది.

గట్టు తగాదాలును, కులపు మాటలును, పార్టీల పంతములును బడి గుమ్మము దాటనీయరాదు. పిల్లలు తమలో తాము కలహించుకొని వచ్చినప్పుడు, "నీవును కొట్టి రమ్ము" అనియు, "వాళ్ల యింటికి నేను వచ్చెదను పద" అనియు లేవకుడు. మొదట వినుడు. సగము కలహములు చెప్పుకొన్న మాత్రమున చల్లారును. కాని యొకనిని పలువురు చేరి దినదినము ఏడిపించుచున్నచో, పేరు పెట్టి వెక్కిరించుచున్నచో, అది పిల్లల ఆట కాదు. దానిని ఉపాధ్యాయునితో చెప్పి ఆపించుట పెద్దల పని. కౌలురైతు కొడుకును "అప్పులోడి కొడుకా" యని పిలుచుట నేను చెవులార వింటిని. ఆ మాట పిల్లలకు ఎచటనుండి వచ్చినదో వేఱుగా చెప్పనక్కఱలేదు.

ప్రత్తి విత్తనపు పొలముల సంగతి చెప్పకుండ ఈ ప్రసంగము ముగింపజాలను. 1970లో గుజరాతులోని సూరతు పరిశోధనా క్షేత్రమునుండి హెచ్-4 అను మొదటి సంకర ప్రత్తి వెలువడిన పిదప, అట్టి విత్తనముల తయారీ మన కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో చాల వ్యాపించెను. సాయంకాలమునకు ముందు మొగ్గలలోని పుప్పొడి తిత్తులను గిల్లివేసి, మరునాటి ఉదయమున మగ పూవును తెచ్చి రుద్దవలెను. దీనినే క్రాసింగు అందురు. నెలల తరబడి దినదినము సాగవలసిన పని. అదియు సరిగా బడులు జరుగు మాసములలో. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో నంద్యాల ప్రాంతపు పొలములలో పది పండ్రెండేండ్ల బాలికలు వరుసగా వంగి ఈ పని చేయుట చూచితిని. కూలి తక్కువ, వ్రేళ్లు సన్నము, చెప్పినమాట వినుదురు. ఇవియే వారిని పెట్టుకొనుటకు కారణములు. సంకరము ఎట్లు చేయవలెనో నాకు తెలియును గనుక ఆ దినము వారి పనితనమును మెచ్చుకొని వచ్చితిని. దానిని తలచుకొనిన ఇప్పటికిని నాకు సిగ్గు కలుగును. ఆ మాసములు గడచి బడికి పోయిన బాలికకు పాఠము తెలియదు, పాత చెలికత్తె ప్రక్కన మఱియొకతె కూర్చుండును. పదిదినములు చూచి ఆమె మానుకొనును. "దానికి చదువు అబ్బలేదు" అని మనమందుము.

అట్టి పిల్లలను తిరిగి బడిలో నిలుపవచ్చునని చేసి చూపినవారు కలరు. 1991 మొదలుకొని రంగారెడ్డి జిల్లా శంకరపల్లి ప్రాంతమున ఎం.వి. ఫౌండేషనువారు శాంతా సిన్హాగారి నాయకత్వమున పనిలో నున్న పిల్లలను తీసికొని, శిబిరములలో కొన్ని నెలలు చదువు చెప్పి, వయస్సునకు తగిన తరగతిలో చేర్పించిరి. 2003లో ఆమెకు మెగసెసే బహుమానము వచ్చెను. ఆ శిబిరముల మర్మము ఇది: పండ్రెండేండ్ల పిల్లను ఆరేండ్ల పిల్లల నడుమ కూర్చుండబెట్టి అవమానింపరాదు, తన వయస్సువారితో కూర్చుండునట్లు సిద్ధపఱచి పంపవలెను. 2016లో సవరింపబడిన చట్టము ప్రకారము పదునాలుగేండ్ల లోపు పిల్లలను ఏ పనిలోను పెట్టుకొనరాదు; బడి వేళలు గాక, సొంత యింటివారికి ప్రమాదకరము కాని పనిలో సాయపడుట ఒక మినహాయింపు. మందు కొట్టుట అట్టి సాయము కాదు.

హాస్టళ్లలో చేర్పించువారికి ఒక మాట. 1971లో సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల ఏర్పడిననాటినుండి వేలకొలది రైతుబిడ్డలు గురుకులములలో చదివి పైకి వచ్చిరి. నేను మిషను పాఠశాల హాస్టలులో పెరిగినవాడను. నన్ను చేర్చునాటికి పదియేండ్లు. మొదటి ఆదివారము మా నాయన వేరుసెనగ ఉండలు మూటగట్టుకొని వచ్చెను. గేటుయొద్ద ఆయనను చూడగానే నాకు దుఃఖము పొర్లెను. "మగవాడు ఏడ్చునా? నలుగురు చూచిన నవ్వుదురు" అని, మూట చేతిలో పెట్టి, బస్సునకు వేళయైనదని పోయెను. ఆయన చెడ్డవాడు కాడు. ఆయనకును కన్నీరు వచ్చియుండును. అందువలననే తొందరపడెనని ఇప్పుడు తెలియుచున్నది. అయితే ఆనాటినుండి చదువు ముగియువరకు నా కష్టమేదియు ఆయనకు చెప్పలేదు. ఆ దినముననే మఱియొక పిల్లవాని తండ్రి చింతచెట్టు క్రింద కొడుకును ఒడిలో కూర్చుండబెట్టుకొని, వాడు ఏడ్చినంతసేపు ఏడ్వనిచ్చి, తరువాత, "ఇక్కడ నీకు ఎవరు నచ్చిరి?" అని యడుగుచుండెను. నేను ఉండలు తినుచు వారినే చూచుచుంటిని.

నాటు వేసిన నారు వారము పదిదినములు పసుపుబాఱి వ్రాలియుండును. పెఱికి చూచిన చచ్చును. కదపక నీరు నిలిపిన వేరూనును. క్రొత్త హాస్టలులో పిల్లవాడు కొన్నివారములు ఏడ్చిన వెంటనే ఇంటికి తెచ్చుటయు మంచిది కాదు, చూడబోకుండుటయు మంచిది కాదు. చెప్పిన దినమున తప్పక పోవలెను. నెలలు గడచినను తేఱుకొనకున్నను, కొట్టుచున్నారనిగాని ఎవరో తాకరానిచోట తాకుచున్నారనిగాని చెప్పినను, నమ్మి వెంటనే కదలవలెను. "చదువు తప్పించుకొనుటకు అబద్ధములాడుచున్నాడు" అను మాట అప్పుడు నోటికి రానీయకుడు.

ఇక మందు డబ్బా సంగతి. శ్రీలంకలో మిక్కిలి విషకరములగు మందులను 1980, 1990 దశకములలో క్రమముగా నిషేధించిన పిమ్మట ఆ దేశమున ఆత్మహత్యలు సగమునకంటె ఎక్కువగా తగ్గెను. అచటనే రైతుల యిండ్లకు తాళపు పెట్టెలు పంచి పరీక్షించిరి. 2017లో ప్రకటింపబడిన ఫలితములనుబట్టి ఆ పెట్టెల వలన అట్టి తగ్గుదల కనబడలేదు. పసిపిల్లలు పొరబాటున ముట్టకుండుటకు తాళము ఎట్లును వేయవలసినదే. మందును నీళ్లసీసాలలో పోయరాదు. కాని క్షణికోద్రేకమునకు తాళము అడ్డు రాదు. తాళపుచెవి ఇంటియజమాని మొలత్రాటికే యుండును గదా. డబ్బా ఇంటిలో లేకుండుటయే మేలు.

కావున మన సంఘపు పాలకవర్గమువారికి ఒక ప్రార్థన. గిడ్డంగిలో ఎఱువుల గదికి తూర్పున నున్న చిన్న గది ఖాళీగా నున్నది. దానికి గాలి వచ్చు కిటికీ, ఇనుప తలుపు ఉన్నవి. సభ్యులు కొనిన మందులను పేరు వ్రాసి అచట నుంచి, మందు కొట్టు దినమున ఆనాటికి కావలసినంత తీసికొనిపోయి, మిగిలినది సాయంకాలమునకు తిరిగి యిచ్చు ఏర్పాటు చేయవచ్చును. ఖర్చు ఒక రిజిస్టరు, రెండు బల్లలు. రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని తీర్మానముగా ప్రతిపాదింతును. ఎవరైన బలపఱచినచో సంతోషింతును.

ఆ బాలుడు పదవ తరగతి వరకు వచ్చెను. మొన్న పోయినప్పుడు తండ్రి సెనగ చేనిలో నుండెను, వాడు బడికి పోయియుండెను. మిరపకు మందులు వాడు పద్ధతిని వచ్చు నెల సంచికలో తప్పక వ్రాయుదును.